చేదు ముద్ద మోసుకెళ్లిన అనసూయా మావ్షీ

అనసూయా ఘాడీ గురించి రాయడానికి నాకంటే తగినవాడు మా చాళ్‌లో, అంటే మేముండే మూడంతస్తుల గదుల లోగిలిలో, లేడు. కొంకణంలోని మా పల్లె బడిలో నేను నాలుగో తరగతి దాకా చదివాను. పలక మీద నా అక్షరాలు చూసి మాస్టారు ఆ పలకను పెద్ద తరగతి పిల్లలకు కూడా చూపించేవారు. బొంబాయి వచ్చాక మిల్లులో మగ్గం దగ్గర చేరి, మగ్గాల వరుసకు పెద్దనయ్యాను. చాళ్ మూడో అంతస్తుకు నీళ్ల గొట్టం ఎక్కించింది నేను. గణపతి మండలికి అధ్యక్షుడిగా నేను నిలబడితే నా మీద పోటీకి దిగినవాడు లేడు. దాజీ పరబ్ అంటే పోస్టుమాన్ ఇంటి నంబరు కూడా చూడడు. ఇన్ని చేసిన నేను, మా చాళ్‌లో నాకంటే పెద్ద పని ఎవరు చేశారని ఎవరైనా అడిగితే కింది అంతస్తులో మొదటి గది చూపిస్తాను.

ఆ గది అనసూయ భోజనశాల. మావ్షీ అంటే పిన్ని. వరస కుదిరినా కుదరకపోయినా ఆమె అందరికీ మావ్షీయే. మిల్లు సమ్మె నడిచిన రోజుల్లోనే ఆమె భర్త పోయాడు. ఆ కాలంలో మాలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆమెకు ఎలాగో తెలిసిపోయేది. అయినా రమ్మని పిలిచేది కాదు. గది గుమ్మంలో నిలబడి, "చేపల పులుసు మిగిలిపోయింది, మోరీలో పోసేయనా?" అని మూడంతస్తులకీ వినపడేలా అరిచేది. అన్యాయంగా పారబోయడం ఎందుకని మేం దిగి వెళ్లి తినేవాళ్లం. రోజూ మిగిలేది. రోజూ వెళ్లేవాళ్లం.

తరువాత మిల్లు పోయింది. ఆ నేల మీద ఆకాశం తగిలేలా భవనం లేచింది. మిల్లు చిమ్నీని మాత్రం పడగొట్టకుండా రంగు వేసి నిలబెట్టారు, అందం కోసమట. దాని కింద గాజు గదిలో ఏదో తరగతి పెట్టారు.

"ఏం నేర్పుతారక్కడ?" అని ఒకనాడు గదుల ముందుండే గ్యాలరీలో కుందా వహినీ, మా అందరి వదిన, అడిగింది.

"ఊపిరి పీల్చడం" అన్నాడు భాలూ తావడే. అతను సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి దిగినవాడు. లోకంలో అతనికి అభిప్రాయం లేని విషయం లేదు. "మనం అక్కడే దూది పీల్చి దగ్గు తెచ్చుకున్నాం కదా. వీళ్లు అక్కడే గాలి పీల్చి ఆరోగ్యం తెచ్చుకుంటారట."

"నువ్వు కూడా వెళ్లి చేరు. ఊపిరి పీల్చేటప్పుడైనా నోరు మూసుకుంటావు."

మా గ్యాలరీలో సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి.

మిల్లు కార్మికులు పోయాక మావ్షీ బల్లల మీద కొత్తవాళ్లు కూర్చోసాగారు. భవనం వాచ్‌మన్లు, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. మిల్లు గోడలో ఒక చిన్న తలుపు ఉంది. ఒకప్పుడు నేను షిఫ్టుకు వెళ్లింది ఆ తలుపులోంచే. ఇప్పుడు వాళ్లు మధ్యాహ్నం అందులోంచి ఇటు వచ్చి, తిని, గంటలోపు వెనక్కి వెళ్లేవాళ్లు. నిరుటి వర్షాలు వెలిశాక భవనం సంఘం ఆ తలుపుకు తాళం వేసింది. భద్రత అన్నారు. చుట్టూ తిరిగి వంతెన కింది నుంచి రావాలంటే తిండి విరామం దారిలోనే అయిపోతుంది. బల్లలు ఖాళీ అయ్యాయి. పండగదాకా చూసి పొయ్యి ఆర్పేస్తానంది మావ్షీ. ఆ మాట ఆమె నోట మేం సమ్మెలో కూడా వినలేదు.

నేను ఊరుకోలేదు. టోపీ పెట్టుకుని సంఘం కార్యదర్శి సేఠీ సాహెబ్ దగ్గరికి వెళ్లాను. ఆయన కుర్చీ వేసి, చల్లటి నీళ్లు ఇచ్చి, సమావేశంలో పెడతానన్నాడు. మర్యాదస్తుడే. సమావేశంలో పెట్టాడు కూడా. సమావేశం తాళమే బాగుందని తేల్చింది.

ఆ సేఠీ తల్లిని ఇంట్లో బీజీ అంటారు. వాళ్ల బాల్కనీ మా మూడో అంతస్తు గ్యాలరీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పొద్దున్నే మావ్షీ ఎండ కోసం పైకొచ్చి ఆ గ్యాలరీలో అప్పడాలు ఎండబెట్టేది. ఆవిడ బాల్కనీలో జుట్టు ఆరబెట్టుకునేది. ఇద్దరూ చెరో చెయ్యి ఎత్తేవాళ్లు. అంతకు మించి మాట లేదు, అంత దూరం నుంచి మాట వినపడదు కూడా. ఉన్నట్టుండి ఆవిడ బాల్కనీలోకి రావడం మానేసింది.

ఒక ఆదివారం పొద్దున భవనం తోటలో జనం పోగవడం భాలూ ముందు చూశాడు.

"మావ్షీ, ఇటు రా. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు."

"పెళ్లేమో" అన్నాను.

"దాజీ, తెల్లబట్టల్లో పెళ్లెక్కడైనా ఉంటుందా?" అంది కుందా వహినీ. "చెప్పులు కూడా బయటే విడుస్తున్నారు చూడండి. ఎవరూ మాట్లాడుకోవడం లేదు."

అంతలో ఒక వ్యాను ఆగింది. ఇద్దరు మనుషులు పెద్ద ఫోటో ఒకటి దించారు. బీజీ ఫోటో. చుట్టూ తెల్లపూలు దట్టంగా కట్టి ఉన్నాయి.

కుందా వహినీ కొంగు తలమీదికి లాక్కుంది. మావ్షీ ఎండీ ఎండని అప్పడాలను చాపతో సహా చుట్టేసి మెట్ల వైపు నడిచింది.

"ఎక్కడికి మావ్షీ?"

"పిండి కలపడానికి."

మా చాళ్‌లో చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగు శనగపిండితో పిఠ్లా ఉడికించి, రొట్టెలు కాల్చి తెచ్చి గుమ్మంలో పెడతారు. దాన్ని చేదు ముద్ద అంటాం. గొంతు దిగకపోయినా ఆ ఇంటివాళ్లు ఒక ముద్ద తినాలి.

భాలూ మెట్ల దాకా వెంటపడ్డాడు. "నీ పొయ్యి ఆరిపోయేలా తాళం వేసినవాళ్లకి నువ్వు వండిపెడతావా?"

"తాళం వేసింది కొడుకు. పోయింది తల్లి."

"వాళ్లింట్లో వంటవాళ్లే ముగ్గురున్నారు!"

"పది పొయ్యిలున్నా ఇవాళ ఒక్కటీ వెలగకూడదురా. వాగింది చాలు, మీ ఇంట్లో రొట్టెలు కాల్పించు."

చివరికి గదికొక్కటి చొప్పున అందరూ రొట్టె కాల్చారు. చాళ్‌లో ఏ చావుకైనా ముందు నడిచేది నేనే. ఆ రోజూ నేనే నడిచాను. నా వెనక గిన్నె నెత్తిన పెట్టుకుని మావ్షీ, ఆ వెనక మిగతావాళ్లు. వంతెన వైపు తిరగకుండా నేరుగా చిన్న తలుపు దగ్గరికి వెళ్లి కొట్టాను. కంత లోంచి రామ్‌సూరత్ చూశాడు. బీహారువాడు, ఆ భవనం వాచ్‌మన్, మావ్షీ చేతి తిండి తిన్నవాడే.

"కాకా, తాళం తీస్తే నా కొలువు పోతుంది."

మావ్షీ ముందుకొచ్చింది. "బీజీ పోయింది బాబూ. చావింటికి తిండి తెచ్చాం."

"అయ్యో, నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వు గేటు దగ్గర ఉంటావు. పై సంగతులు నీకెవరు చెబుతారు?"

అతను తలమీది టోపీ తీసేశాడు. చావింటి తిండిని ఆపే మనిషి వాళ్ల ఊళ్లో మాత్రం ఎవడుంటాడు? తాళం తీసి మా వెంటే వచ్చాడు.

తోట పక్కన హాలు. గుమ్మం బయట చెప్పుల వరుసలు. లోపల తెల్లబట్టల వాళ్లంతా కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఒకమ్మాయి కంచు గిన్నెను మెల్లగా మోగిస్తోంది. పూల ఫోటో గుమ్మంలోనే ఉంది. మావ్షీ దాని కింద గిన్నె దించి, దణ్ణం పెట్టి, కళ్లు ఒత్తుకుంది. మేమంతా తలలు వంచాం.

"అరే! అప్పడాలమ్మ వచ్చిందే!"

లోపలి నుంచి వచ్చింది ఆ గొంతు. బీజీ! తెల్ల పట్టుచీర కట్టుకుని, తలమీద బంగారు కాగితం కిరీటంతో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది. కాలు బెణికి బాల్కనీకి రాలేకపోయిందట. ఇది ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజు. అందరూ తెల్లబట్టలు కట్టి, ముందు కాసేపు ధ్యానం చేయాలన్నది మనవరాలి ముచ్చట.

"దాజీ, పారిపోదామా?" అన్నాడు భాలూ నా చెవిలో.

"అధ్యక్షుడు పారిపోడు" అన్నాను.

సేఠీ సాహెబ్ లేచి వచ్చాడు. "ఏమిటిది? ఎవరు పంపారు మిమ్మల్ని?"

మావ్షీ ఆయన వైపు చూడనే లేదు. "అమ్మా, నువ్వు పోయావనుకుని చేదు ముద్ద తెచ్చాను" అంది ఆవిడతోనే.

మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో అపశకునం అన్నారు. బీజీ మాత్రం కిరీటం సర్దుకుని, "గిన్నెలో ఏముంది?" అని అడిగింది.

"పిఠ్లా, రొట్టె."

"ఇలా పట్టుకురా. తన చావు కూడు తనే తినే రాత ఎంతమందికి ఉంటుంది? పొద్దున్నుంచీ వీళ్లు నాకు ఆకులు పెడుతున్నారు." ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తిని, "కారం తక్కువైంది" అంది.

"చావింటికి కారం తగ్గిస్తాం. బతికే ఉన్నావని తెలిస్తే వేసేదాన్ని."

మొదట నవ్వింది బీజీ. ఆ తరువాత మనవరాలు. సేఠీ సాహెబ్‌కు ఇంకొంచెం సేపు పట్టింది.

బీజీ మా వరుసంతా కళ్లతో చూసి కొడుకును అడిగింది. "మన వాళ్లలో నా చావు కబురు విని ఇంత తొందరగా వచ్చేది ఎవరు? వీళ్లు ఎటునుంచి వచ్చారు?"

రామ్‌సూరత్ నేల చూపులు చూశాడు. జవాబు నేనే చెప్పాను. "గోడలో చిన్న తలుపు ఉందమ్మా. తాళం వేసి ఉంటుంది. ఈవిడ భోజనశాలకు జనం రావడానికి అదొక్కటే దారి. చావు కాబట్టి మీ వాచ్‌మన్ ఇవాళ ఒక్కరోజు తీశాడు."

"సంఘం నిర్ణయం, మా" అన్నాడు కొడుకు.

"నా రోజు నిజంగా వచ్చినప్పుడు వీళ్లు ఊరంతా చుట్టి వస్తే రొట్టెలు చల్లారిపోవూ? మీ సంఘాన్ని అడుగు."

సంఘం మళ్లీ కూర్చుంది. చిన్న తలుపు మధ్యాహ్నం తెరవాలని, సాయంత్రానికి మూయాలని రాసుకున్నారు. రామ్‌సూరత్ కొలువు పోలేదు, తాళంచెవి అతని నడుముకే ఉంది. నేను పైపులైను తెప్పించినప్పుడు కూడా చాళ్‌లో అంత సంబరం జరగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పండగ దాటిపోయింది, మావ్షీ పొయ్యి ఆరలేదు. బల్లలు నిండి ఒకటి అదనంగా వేశారు. దాని మీద బీజీ అప్పుడప్పుడు కర్ర ఆనించి కూర్చుంటుంది. భాలూకు ఎదురు వాదించే మనిషి మాకు ఇన్నాళ్లకు దొరికింది.

ఇప్పటికీ పొద్దున ఎదురు బాల్కనీలో ఆ చెయ్యి కాస్త ఆలస్యంగా లేస్తే మావ్షీ అప్పడాలు వదిలేసి గ్యాలరీ కమ్మీ పట్టుకుని అటే చూస్తూ నిలబడుతుంది. గాజు తలుపు జరిపి బీజీ బయటికి వస్తుంది. గొంతు చినిగేలా అరుస్తుంది, మాకిప్పుడు వినపడుతోంది.

"ఉన్నానే! పిండి కలపకు!"