సున్నపు గీత కింద నుంచి నన్ను పిలిచిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు మూడేళ్లుగా అడుగుతున్నారు, మూడేళ్లుగా నేను ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటున్నాను, ఎందుకంటే నలుగురి ముందు లేచి నిలబడాలంటేనే నాకు భయం. ఈరోజు నిలబడ్డాను. నిలబెట్టిన దేవునికే మహిమ!

నా పేరు దేవదానం. గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో కూలిపని చేసుకునే ఇంట్లో పుట్టాను. పదకొండో ఏట ఎంత ఎత్తు ఉన్నానో ముప్పయ్యో ఏట కూడా అంతే ఉన్నాను, నాలుగడుగుల నాలుగు అంగుళాలు. అమ్మ ప్రార్థించి పెట్టుకున్న పేరు నాకుంటే, ఊళ్లో గిడ్డోడు అన్నారు, ఆదోనిలో గిడ్డప్ప అన్నారు, బస్సెక్కితే వీడికి సగం టిక్కెట్టు చాలులే అన్నారు.

అవి డెబ్బైల చివరి ఏళ్లు. సహోదరులారా, ఆ రోజుల్లో నాకు కుదురు అన్నది లేదు! ఎమ్మిగనూరులో మగ్గాల దగ్గర పనికి చేరి నెల తిరగకముందే ఎవడో నవ్వాడని మానేసి ఆదోనికి వచ్చేవాణ్ణి, ఆదోనిలో ఎవడో పిల్లవాణ్ణి నిమిరినట్టు తల నిమిరాడని మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కేవాణ్ణి, దారిలో నా వెనక ఎవరు నవ్వినా గిరుక్కున తిరిగి గొడవకు పోయేవాణ్ణి, తీరా చూస్తే పాపం వాళ్లు ఇంకేదో చెప్పుకొని నవ్వుకుంటూ ఉండేవాళ్లు, అయినా నా గుండె నిమ్మళించేది కాదు.

ఒకసారి మాధవరంలో సంబంధం ఉందంటే పెళ్లిచూపులకు పోయాను. పోయే ముందు చెప్పులు కుట్టే ఆయన్ను బతిమాలి చెప్పులకింద టైరు ముక్కలు రెండు వరసలు కొట్టించుకున్నాను. పిల్ల మేనమామ గడపలో నిలబడి, "సెప్పులిడిసి లోపలికి రాప్పా" అన్నాడు. విడిచాను. ఇల్లంతా నవ్వింది, తలవంచుకున్న ఆ పిల్ల కూడా నవ్వింది! ఇచ్చిన నీళ్లు తాగకుండా, చెప్పులు ఆ గడప దగ్గరే వదిలేసి, కాలే నేల మీద ఉత్త కాళ్లతో నడిచి వచ్చాను. ఆ సాయంత్రమే మొదటిసారి సారాయి ముట్టాను, ఇక అది నన్ను వదల్లేదు.

అప్పటికీ ప్రతి ఆదివారం దేవుణ్ణి ఒకటే అడిగేవాణ్ణి: "ప్రభువా, నీకు కానిది ఏముంది, నాలుగంటే నాలుగు అంగుళాలు ఇయ్యి తండ్రీ!" ఆయన ఇవ్వలేదు. అలిగి మందిరానికి పోవడం మానేశాను.

తర్వాత ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పని దొరికింది. పత్తి నింపిన బోరాల మూతులను దబ్బనంతో కుట్టే పని, నేల మీద కూర్చుని చేసేదే, దానికి పొడుగుతో ఏం సంబంధం? నా కుట్టు ఊడిపోయిందని ఎవరూ అనలేదు. కానీ ఒకరోజు బయటి ఊరి వ్యాపారి ఒకాయన వచ్చి నన్నూ, నాతో పనిచేసే, నాలాగే పొట్టివాడైన రంగన్ననూ చూసి, "ఏమప్పా, ఇది మిల్లా, సర్కస్సా?" అన్నాడట. మా పని చూసే మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. మరునాడు గేటు స్తంభం మీద సున్నంతో గీత గీసి, "ఈ గీతకు తల తగలనోడు రేపట్నుంచి పనికి రావద్దు" అన్నాడు. రంగన్న మునివేళ్ల మీద లేచి చూసుకున్నాడు, అయినా అందలేదు, పైపంచె దులుపుకొని వెళ్లిపోయాడు. నేను వెళ్లింది మాత్రం సారాయి అంగడికి.

మిట్టమధ్యాహ్నం తాగి, దబ్బనం చేత్తో పట్టుకొని మేస్త్రీ ఇంటి దారి పట్టాను. పొడిచేద్దామనే పోయాను సహోదరులారా, దేవుని ముందు అబద్ధమాడను. దారిలో మా మిల్లు హమాలీ మహబూబ్ భాయ్ ఎదురయ్యాడు. ఆరడుగుల మనిషి.

"యాడికి పోతాండావు దేవదానం?"

"అడ్డం రావద్దు భాయ్. ఈ పొద్దు వాడో నేనో తేలిపోవల్ల."

ఆయన నా చేయి పట్టుకోలేదు, అరవలేదు, ఉన్న చోటే ఆ దుమ్ములో చతికిలబడ్డాడు. "కూచోప్పా. నిలబడి మాట్లాడితే నీకు మెడ నొస్తాది, నాకు నడుం నొస్తాది" అన్నాడు. నాతో మాట్లాడటానికి ముందు కూర్చున్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు! కూర్చున్నాను.

"నా పొడుగు సూసి పెద్ద బోరాలన్నీ నా ఈపునే ఏస్తారు. నన్ను ఎద్దంటారు, నిన్ను గిడ్డోడంటారు. ఇంగ మనిషనేటోడు యాడుండాడప్పా ఆ మిల్లులో? అది ఈడ పెట్టు. నీ దేవుణ్ణి నువ్వడుగు, నా అల్లాను నేనడుగుతా. పొద్దున్నే మిల్లుకాడికి రా, మేమంతా ఉంటాం."

అక్కడే, ఆ దుమ్ములోనే నా నోట ప్రార్థన వచ్చింది: "ప్రభువా, ఇన్నేళ్లూ నన్ను పొడుగు చేయమని అడిగినాను, ఈ పొద్దు అది అడగను తండ్రీ. ఈ చేతిలోది కింద పడేయించు, నా లోపల మండేది ఆర్పు, నేను హంతకుణ్ణి కాకుండా కాపాడు!" చేయి తనంతట తాను తెరుచుకుంది. మహబూబ్ భాయ్ ఆ దబ్బనం తీసి తన జేబులో పెట్టుకున్నాడు. నేను చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. హల్లెలూయా!

పొద్దున వెళ్లి చూస్తే హమాలీలంతా గేటు ముందు వరసగా కూర్చుని ఉన్నారు, వాళ్ల మధ్య రంగన్న! మహబూబ్ భాయ్ తెల్లవారకముందే అతని ఇంటికి పోయి పిలుచుకొచ్చాడట. మేస్త్రీ అరిచాడు, బెదిరించాడు, ఎవరూ లేవలేదు. పదింటికి మిల్లు యజమాని సేటు వచ్చాడు. ఆవరణంతా కుట్టని బోరాలు, పడమటి నుంచి నల్లని మబ్బు. "ఏం కావల్లప్పా మీకు?" అని సేటు అడిగితే, మహబూబ్ భాయ్ కూర్చున్న చోటు నుంచే, "ఆ గీత తుడిపించు సేటూ, అంతే. ఇంగేం అడగం" అన్నాడు. సేటు మబ్బు వైపు చూశాడు, మా వైపు చూశాడు, మేస్త్రీని పిలిచి తడిగుడ్డ తెమ్మన్నాడు. మేస్త్రీ తన చేత్తోనే తుడిచాడు! అందరం లోపలికి పరుగెత్తాం, వాన పడేలోగా రంగన్నా నేనూ కుట్టిన బోరాలకు లెక్కేలేదు.

సారాయి ఒక్కరోజులో పోలేదు. పది పదకొండు రోజులు చేతులు వణికాయి, తర్వాత కూడా రెండుసార్లు పడ్డాను, రెండుసార్లూ ప్రభువే లేపాడు. ఎమ్మిగనూరులో పాతికేళ్ల సువార్తమ్మ, మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ బతికే అమ్మాయి, నాకంటే తలెత్తు పొడుగు, నన్ను చేసుకుంటానన్నది. వాళ్ల అన్న కోపంతో ఊగిపోతుంటే ఆమె, "అటక మీద సామాను నాకందుతాది కదన్నా, ఇంగ ఆయప్ప గూడా పొడుగుండి ఏం సేయల్ల?" అన్నది. ఆ అన్న నవ్వాపుకోలేక ఒప్పుకున్నాడు. ఆ నవ్వుకు మాత్రం నాకు కోపం రాలేదు!

ఇప్పటికీ బస్టాండులో నవ్వేవాళ్లు ఉన్నారు. ఇప్పటికీ కొన్ని రోజులు నా గుండె ఊరికే ఉండదు, లేచి ఎటో పోదామంటుంది. కానీ ఇప్పుడు ఎటు పోవాలో నాకు తెలుసు, ప్రభువు పాదాల దగ్గరికే పోతాను.

మీలో ఎవరైనా నవ్వులపాలై మండిపోతున్నవారుంటే ఆయన దగ్గరకు రండి, అడిగింది ఇవ్వకపోయినా ఆయన మిమ్మల్ని విడిచిపెట్టడు. నవ్వినవారుంటే మీరూ రండి సహోదరులారా, సిగ్గుపడవద్దు, క్షమాపణ అడిగేవారిని కూడా ఆయన తోసెయ్యడు. నన్ను పేరుపెట్టి పిలిచిన నా ప్రభువుకే స్తోత్రం, ఆమేన్!