రెండో పక్క ఎత్తే చెయ్యి

వీపు మీద మూటలు మోసే పెరికె ఎద్దుకు బరువు ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. అటొకరు ఇటొకరు నిలబడి, రెండు పక్కలా వేలాడే జంట గోతాన్ని ఒక్కసారే ఎత్తి దాని వీపున వేయాలి. ఒక పక్క ముందు పడిందా, ఎద్దు బెదురుతుంది, మూట జారుతుంది. ఉదయగిరిలో నేను ఎడమ పక్క ఎత్తితే మా అన్న కుడి పక్క ఎత్తేవాడు. ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువులో అన్న గంజి కోసం రోడ్డు పనికి పోయి, అక్కడే వాంతిభేదితో చచ్చిపోయాడు. మంచం పట్టిన నాయన, అమ్మ, నేను, ఒక ఎద్దు మిగిలాం.

ఆత్మకూరు దాటి నెల్లూరు దాకా పోతేగాని గింజలు దొరకవన్నారు. అమ్మ కాళ్ల కడియాలు తీసిచ్చింది. పోవడానికేం, ఎద్దు ఖాళీగా నడుస్తుంది. అంగడి దగ్గర మూట ఎత్తడానికి కూలీలుంటారు. తిరిగి వచ్చేటప్పుడే చిక్కు. దోవలో మూట దించకపోతే ఎద్దు వీపు పుండవుతుంది. దించితే మళ్లీ ఎత్తేదెవరు? దోవన పోయేవాణ్ణి చెయ్యి వేయమంటే మూటలో ఏముందో వాడికి తెలుస్తుంది. ఆ కరువులో జొన్నల మూట ముందు మనిషి ప్రాణానికి విలువ లేదు.

అందుకని ఒక్కణ్ణే ఎత్తడం కొట్టంలో నేర్చుకుందామనుకున్నాను. గోతానికి రెండు పక్కలా వాగు ఇసుక నింపాను. ఎద్దును పడుకోబెట్టి, వీపున మూట వేసి అదిలించాను. అది వెనక కాళ్ల మీద ముందు లేచింది. మూట మెడ మీదుగా దొర్లి దాని మూతి ముందు పడింది.

గడప మీద కూర్చున్న అమ్మ పకపకా నవ్వింది.

"ముందర కాళ్ల మీద లేచేది గుర్రం రా అబ్బయ్యా! ఎద్దుల మధ్య పుట్టినావు, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు మా. మర్చిపోయినా."

"ఆకలి కడుపుకా, బుద్ధికా?"

మూటను మొండిగోడ మీదికి ఈడ్చి, ఎద్దును గోడ పక్కకు తెచ్చి, మూటను దాని వీపు మీదికి తోశాను. అది తప్పుకుంది. మూటతో పాటు నేనూ కింద పడ్డాను. ఈసారి అమ్మ నవ్వలేదు.

"నేనొస్తా పదరా. ఒక పక్క నేనెత్తుతా."

లోపల్నుంచి నాయన అందుకున్నాడు. "పోండి, పోండి. నాకు కాకులు పోస్తాయిలే నీళ్లు."

అమ్మ మళ్లీ కూర్చుంది. ఆమె వస్తే నాయన పోతాడు. నేను పోకపోతే ముగ్గురం పోతాం. నిండు మూటతో ఒక్కణ్ణే వస్తే మూట దోవలోనే ఉండిపోతుంది.

చివరికి సగం ఇసుక కుమ్మరించాను. మిగిలిన దాన్ని రొమ్ముకు ఆనించి ఎత్తితే ఎద్దు మీదికి వచ్చింది. దించి మళ్లీ ఎత్తాను. వచ్చింది. అమ్మ మాత్రం కింద పోసిన ఇసుక వైపే చూస్తోంది.

"ఎక్కిందేంరా?" అన్నాడు నాయన.

"ఎక్కినాది నాయనా. సగమే."

"ముగ్గురికి చాలదే."

"చాలదు. వచ్చి మళ్లీ పోతా."

"ఆ ఎద్దు ఇంకోసారి నడిచేట్టు ఉండాదా? తెచ్చింది ఇద్దరికి కొలుచుకోండి."

"నోర్ముయ్!" అమ్మ లేచి లోపలికి పోయింది. "సచ్చేదానికి కూడా తొందరేంది నీకు? గంజి కాస్తే తాగుతావు, తాగకపోతే ముక్కు మూసి పోస్తా!"

నాయన ఏదో గొణిగాడు. అమ్మ ఇంకా గట్టిగా అరిచింది. నేను మిగిలిన ఇసుక కూడా పారబోసి, గోతం దులిపి ఎద్దు వీపున వేసి, వాళ్ల పోట్లాట వింటూనే బయటికి తోలాను.