తాటాకుల వయసు

టీవీలో ఆ తాటాకుల కట్టను చూసి ముందు మురిసిపోయింది నేనే. అది మా కులపురాణం. ఏటా పంటలు ఇంటికొచ్చాక కల్వకుర్తి దిక్కు నుంచి ఒక తాత రామన్నపేట దగ్గరి మా ఊరికి వచ్చి, మా వాడలో ఆ కట్ట విప్పి కథ చెప్పేవాడు. తాతల కాలం నుంచి వాళ్ల ఇంటికి అదే బతుకు. కథ అయిపోయాక, ఆ ఏడు వాడలో పోయినవాళ్ల పేర్లు అడిగి, చివరి ఆకుల్లో వంశం వరసలో రాసి, పాటలో కలిపి పాడేవాడు. మా నాయిన పేరు పాడిన రోజు మా అమ్మ ఏడవలేదు. ఇంకొక్కసారి పాడమని అడిగింది.

టీవీ వాళ్లు దాన్ని రెండు వేల ఏళ్ల నాటి పవిత్ర గ్రంథం అన్నారు. తెల్లారేసరికి ఇంకో చానల్ మూడు వేలకు పెంచింది. అడిగేవాడు లేకపోతే నాలుగు వేలూ అయ్యేది. అంతలో కొందరు లేచి, అది నిరుడు పట్నంలో రాయించిన దొంగ పురాణమన్నారు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమనే రకాలు రెండు దిక్కులా ఉన్నాయి. తెలంగాణ వచ్చిన కొత్తలు అవి. నల్లగొండలో ఒక పత్రికలో పనిచేస్తున్నాను. "మీవాళ్లదే గదా, నిజమేందో నువ్వే పోయి చూసి రా" అన్నాడు మా పెద్ద సారు.

కల్వకుర్తిలో బస్సు దిగి తాత ఇంటికి పోయాను. మంచినీళ్లు తాగుతూ అడిగాను.

"తాతా, ఇది ఎన్నేండ్లది?"

"గీ ఆకులా? మా నాయిన రాసిండు, నా చిన్నతనంల. పాత కట్ట చీకిపోతే దాన్ని చూసి కొత్తది రాసుకోవాలె. పాతదాన్ని కృష్ణల కలపాలె. చీకింది ఇంట్ల ఉంచొద్దు."

"మరి టీవోళ్లకు గట్ల చెప్పినవేంది?"

"వాళ్లు కథ ఎప్పటిదని అడిగిన్రు. యుగాల కిందిదన్న. తప్పా బిడ్డా?"

తప్పేమీ లేదు. ఆ ఇంటి ఆనవాయితీ తెలిసినవాడెవడూ అక్కడ వేల ఏళ్ల ఆకుల కోసం వెతకడు. పాతది ఏటిలో కలిస్తేనే కథ కొత్త కట్టలో బతుకుతుంది. నేను అదే రాశాను. ఆకులు తండ్రి కాలంవి, కథ ఎప్పటిదో ఎవరికీ తెలియదు, ఈ ముసలాయన ఎవరికీ అబద్ధం చెప్పలేదు అని. అచ్చులో మొదటి ముక్క ఒక్కటే మిగిలింది. జాగా చాలలేదట. పైన మాత్రం 'నకిలీ గ్రంథం గుట్టు రట్టు' అని ఇంత లావు అక్షరాలకు జాగా చాలింది. పెద్ద సారును ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టాను. తిడితే అచ్చయింది చెరిగిపోతుందా?

మా వాడ పిలగాళ్లకు నా మీదే కోపం. "అన్నా, మనకూ వేల ఏండ్లది ఒకటున్నదని తలెత్తుకున్నం. నువ్వే తీసేసినవ్" అన్నారు. ఆ ఏడు తాత వస్తే, దొంగ పురాణం మాకొద్దని వాడ మొగదలే ఆపేశారు. తాత కథ చెప్పే మిగతా ఊళ్లలోనూ అదే మాట. నేను సర్దిచెప్పబోతే నా మాట విన్నవాడు లేడు.

మరుసటి ఎండాకాలం తాత ఫోన్ చేశాడు. "కట్టను కృష్ణకు ఇస్తున్న. వస్తవా?"

రేవుకు పోయేసరికి ఒక్కడే రాయి మీద కూర్చుని ఉన్నాడు. కట్ట ఒడిలో ఉంది. పక్కన ఉండవలసిన కొత్త కట్ట లేదు.

"ఆకులు మంచిగనే ఉన్నయ్ గదా తాతా."

"ఆకులు మంచిగనే ఉన్నయ్ బిడ్డా. ఇనేటోళ్లే లేరు. ఇంక కొత్తది ఎవరి కోసం రాయాలె?"

ఏదైనా మ్యూజియంలో పెడదామన్నాను. "అండ్ల పెట్టి కింద ఏమని రాస్తరు?" అన్నాడు.

నీళ్లలో కలిపే ముందు చివరి ఆకులు విప్పి మా వంశం పాడాడు. ఒక్క పేరు వదలలేదు. మా నాయిన పేరు దగ్గర ఆగి, దాని పక్కన ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు.

"గీడ నీకు జాగా ఉంచిన. నా కొడుకు రాస్తడనుకున్న."

అప్పుడు ఏడుపు ఆగలేదు. మా అమ్మలాగా ఉండడం నాకు చేతకాలేదు.

"ఇప్పుడే రాయి తాతా, నా పేరు" అన్నాను.

తాత కట్టకు మళ్లీ దారం చుట్టాడు.

"బతికున్నోళ్లది రాయొద్దు బిడ్డా" అని మోకాలి లోతు నీళ్లలోకి దిగి, దాన్ని వదిలేశాడు.