సముద్రం దాటొచ్చిన చెడ్డీ

కొత్తవాడలో సారంగపాణి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ కుడి ఎడమలు చెప్పరు. ఆరేసిన బట్టలు చూసుకుంటూ పొమ్మంటారు. ఎంత గాలి వీచినా కదలని బట్టలు ఏ వాకిట్లో కనిపిస్తే అదే ఆయన ఇల్లు.

అది ఆయన భార్య చిలుకమ్మ చేతి మహిమ. మగ్గానికెక్కే పడుగుకు గంజి పట్టించడం ఆ ఇంట్లో ఆమె పని. నూకలు ఉడికించి, వడగట్టి, వీధిలో బారుగా సాపిన నూలుకు కుంచెతో పట్టిస్తుంది. మగ్గం మీద పోగు తెగితే నేసేవాడిని తిడతారు. తెగకపోతే మెప్పు గంజి పెట్టినామెకు పోతుంది. చిలుకమ్మకు ఆ మెప్పు అలవాటైపోయింది. పడుగుకు పట్టించాక మిగిలిన గంజి పారబోయడానికి ఆమెకు చేతులు రావు. సారంగపాణి పంచెకు, అంగీకి పెడుతుంది, అది సరే. తువ్వాలకు పెడుతుంది. కిటికీ పరదాలకు పెడుతుంది. కూరగాయల సంచికి కూడా పెడుతుంది. ఆ సంచి ఖాళీగా ఉన్నా గోడ పక్కన నిలబడే ఉంటుంది. మొత్తానికి ఆ ఇంట్లో గంజి తాగని గుడ్డ లేదు.

సారంగపాణి సన్నటి మనిషి. గుంత మగ్గం మీద కూర్చుని జంపఖానాలు నేసి నేసి కాళ్ళు ఇనుమయ్యాయి గానీ, కూర్చునే చోట మాంసం మిగల్లేదు. నేసిన సరుకును నల్ల సైకిలు వెనక కట్టుకుని నేతగాళ్ళ సొసైటీకి చేరవేస్తాడు. ఊళ్ళో తిరగడానికి ఆ సైకిలూ, ఆ మాంసమూ సరిపోయేవి. ఇబ్బంది మొక్కుతో వచ్చింది.

మూడేళ్ళ కింద చిలుకమ్మకు పిత్తాశయంలో రాళ్ళని దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఆమెను లోపలికి తీసుకుపోయాక సారంగపాణి వరండాలో గోడకు ఆనుకుని సమ్మక్క తల్లికి మొక్కాడు. మనిషెత్తు బెల్లం ఇస్తానన్నాడు. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు, ఆ మొక్కు అందరూ మొక్కేదే. ఆయన అక్కడితో ఆగలేదు. "నా చిలుకమ్మ బతికొస్తే సైకిల్ మీద నీ గద్దె కాడికి వస్త తల్లీ" అని కూడా అన్నాడు. వరంగల్ నుంచి మేడారం వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ గోడ దగ్గర ఆయనకు కిలోమీటర్లు గుర్తు రాలేదు.

చిలుకమ్మ బతికొచ్చింది. పోయిన జాతరకు సారంగపాణి పంచె కచ్చ బిగించి బయల్దేరాడు. ములుగు ముందర గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్ళు అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టందే ముందుకు పోరు. ఆయనా కొట్టడానికి దిగాడు. దిగాడంతే, మళ్ళీ ఎక్కలేకపోయాడు. తొడల మధ్య తోలు లేచిపోయింది. సైకిలును జీపు పైన కట్టి, మనిషిని జీపు లోపల బోర్లా పడుకోబెట్టి వెనక్కి పంపారు.

ఆ రోజు నుంచి చిలుకమ్మకు కడుపులో ఏ మూల నొప్పి లేచినా అది మొక్కు నొప్పే. పెద్ద జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ రెండేళ్ళూ ఆమె చెయ్యి కడుపు మీదే ఉంది. కూతురు నవత స్కానింగ్ తీయించింది. ఏమీ లేదు, గ్యాస్ అన్నారు.

"ఆళ్ళ మిషన్ల రాళ్ళు కనబడ్తయి. మొక్కు కనబడ్తదా?" అంది చిలుకమ్మ.

తిండి తగ్గించింది. మిర్చి బజ్జీ అంటే ప్రాణం పెట్టే మనిషి, దాన్నీ మానేసింది. బజ్జీల బండి వాకిట్లోకి వస్తే తలుపు దగ్గరికి వేసుకుంటుంది. పక్కింటి కుమారస్వామి, ఆయనా నేతగాడే, మధ్యేమార్గం ఒకటి చెప్పాడు.

"బస్సుల పోయి తల్లికి దండం పెట్టి చెప్పుకోన్రి వదినా. తల్లి ఏమనుకోదు."

"బస్సెక్కిన తల్లీ అని టికెట్ సూపెట్టాల్నా? మొక్కేటప్పుడు బస్సు యాదికి రాలే గద మీ అన్నకు."

మళ్ళీ జాతర దగ్గరికొస్తోంది. ఈసారి కూడా గట్టమ్మ దగ్గరే ఆగిపోతే, ఇంకో రెండేళ్ళు ఆ చెయ్యి ఆ కడుపు మీది నుంచి లేవదని సారంగపాణికి తెలుసు. స్టేషన్ రోడ్డులో సైకిలు దుకాణం నడిపే బాలరాజు స్పాంజి సీటు కవరు తొడిగి పంపాడు. వారం తిరిగేసరికి అది అప్పడమైంది.

ఆ రోజుల్లోనే రమాకాంత్ జంపఖానా కొనడానికి వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, ఆదివారాలు సైకిలు తొక్కడం ఆయన వ్యవహారం. నెత్తిన హెల్మెట్ ఇటలీది, కళ్ళద్దాలు జపానువి, బూట్లు జర్మనీవి. పొట్ట ఒక్కటి హన్మకొండది. మొక్కు కథంతా విని ఆయన తేల్చేశాడు.

"అన్నా, తప్పు సైకిల్‌ది కాదు, నీది కాదు. నీ పంచెది. దిండు కుట్టిన చెడ్డీ కావాలె నీకు."

ఫోన్‌లో బొమ్మ చూపించాడు. నల్లటి చెడ్డీ, ఒంటికి అతుక్కుని ఉంది. భుజాల మీదికి రెండు పట్టీలు. కూర్చునే చోట లోపల మెత్తటి దిండు. ఇంగ్లండులో దుకాణం.

"గిది తొడుక్కుంటే ఒంటికి పోయేదెట్ల?" అన్నాడు సారంగపాణి.

"పట్టీలు దించాలె, అంగీ ఇప్పాలె. అందుకే నీళ్ళు తక్కువ తాగాలె."

"ఈడ దొరకదా సారూ?"

"దొరుకుతది. పైన పేరుంటది, లోపల దిండుండది."

"పైసలు తీస్కొని పంపకపోతే?"

రమాకాంత్ ఉన్నమాట దాచే మనిషి కాదు. పంపుతారు గానీ ఏం పంపుతారో చెప్పలేమన్నాడు. ఒకసారి ఇంగ్లండు నుంచి ఆయనకు రెండూ ఎడమ కాలి బూట్లే వచ్చాయి. వాపసు పంపడానికి అయ్యే ఖర్చు బూట్ల కన్నా ఎక్కువని తేలింది. అవి ఇప్పుడు ఆయన ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్నాయి. అదే దేశం నుంచి తెప్పించిన సైకిలు లైటు మాత్రం ఆరేళ్ళుగా వెలుగుతూనే ఉంది.

కుమారస్వామి గడప మీద కూర్చుని అంతా విన్నాడు. "రెండు కుడి బూట్లచ్చినోడు యాడ్నో కూసోని ఏడుస్తాండొచ్చు" అన్నాడు.

చిలుకమ్మ లోపలి నుంచే చెప్పింది. "తెప్పియ్యన్రి సారూ. ఎడమ చెడ్డీ, కుడి చెడ్డీ అని ఉండయి గద."

ఆ దుకాణం వాళ్ళు నడుము కొలత అడిగారు, ఛాతీ అడిగారు, బరువు అడిగారు. తొడ చుట్టుకొలత దగ్గర సారంగపాణి ఆగిపోయాడు. "నా తొడలతోని ఆళ్ళకేం పని?" అన్నాడు. రమాకాంత్ టేపు పట్టుకుని కొలుస్తుంటే ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. ఏదో పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు చెవులు ఎర్రబడ్డాయి.

సామాను ఇంగ్లండు నుంచి తొందరగానే వచ్చి, మన దేశం గుమ్మంలో ఆగింది. సుంకం కట్టమన్నారు. చెడ్డీ ఖరీదులో దాదాపు సగం. అందులో మన తప్పూ లేదు, వాళ్ళ తప్పూ లేదు, బయటి సరుకుకు అది రివాజని రమాకాంత్ చెప్పాడు. ఎవరు తెప్పించుకున్నారో, దేనికి వాడతారో కూడా రాయమన్నారు.

"మొక్కుకని రాయి సారూ" అన్నాడు సారంగపాణి.

రమాకాంత్ కాసేపు ఆలోచించి సొంత వాడకానికి అని రాశాడు. సారంగపాణికి అది నచ్చలేదు. తల్లికి సంబంధించిన విషయంలో అబద్ధం రాశామని ఆయన బెంగ.

జాతరకు జనం పోటెత్తక ముందే, వారం ఉండగా పోయి మొక్కు చెల్లించాలని అనుకున్నారు. పోవాల్సింది ఆదివారం. చెడ్డీ శుక్రవారం వచ్చింది. సారంగపాణి తలుపేసుకుని తొడుక్కున్నాడు. ఎక్కడా ఎక్కువా లేదు, తక్కువా లేదు. తొడ కొలత ఎందుకడిగారో అప్పుడర్థమైంది. బయటికొచ్చి వాకిట్లో సైకిలెక్కి ఊరికే కూర్చున్నాడు. కూర్చునే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి సీటు ఎక్కడుందో ఆయనకు తెలియలేదు.

"ఏందన్నా, కుస్తీకి పోతానవా?" అన్నాడు కుమారస్వామి.

"నువ్వు గూడ ఎక్కి సూడు" అన్నాడు సారంగపాణి. అంత సంతోషం ఆయన ముఖంలో నవత పెళ్ళిలో కూడా ఎవరూ చూడలేదు.

శనివారం పొద్దున్నే ఆయన సరుకు తీసుకుని సొసైటీకి పోయాడు. పొద్దు వాలాక తిరిగొచ్చేసరికి వాకిట్లో తీగ మీద చెడ్డీ ఉంది. గాలి వీస్తోంది. చెడ్డీ కదలడం లేదు. భుజాల పట్టీలు రెండూ ఆకాశం వైపు నిటారుగా నిలబడ్డాయి.

సారంగపాణి సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా అట్లాగే పట్టుకుని చూశాడు.

"ఏమే, ఇదేంది?"

"ఏందంటే? గంజి. తల్లుల కాడికి పోతాన్నవ్. వడిలిన గుడ్డ మీద పోతవా?" చిలుకమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె గొంతులో గర్వం ఉంది. "గదేం గుడ్డయ్యా. రబ్బరు లెక్క ఉన్నది. గంజి పెడ్తే నీళ్ళ లెక్క జారిపోతాంది. మూడు మాట్ల పెట్టిన, పట్టలే. నాలుగోమాటు నూకలు ఇంకింత పోసి చిక్కగ కాసిన. అప్పుడు పట్టింది. నా కాడనా దాని ఆటలు?"

సారంగపాణి చెడ్డీని తీగ మీది నుంచి దించాడు. చేతిలో అట్టలా ఉంది. లోపలి దిండును వేలితో నొక్కితే గారెలా కరకరమంది. ఆమెకు వినిపించకుండా రమాకాంత్‌కు ఫోన్ చేశాడు.

"వాపసు తీస్కుంటరా సారూ?"

"ఏమైందన్నా? సైజు రాలేదా?"

"సైజు అచ్చింది. గంజి గూడ అచ్చింది."

రమాకాంత్ మెల్లగా చెప్పాడు. ఉతికినదాన్ని వాళ్ళు తీసుకోరు. తీసుకున్నా జాతర అయిపోయాక వస్తుంది. గంజి పెట్టకూడదని ఆ దుకాణం వాళ్ళు ఎక్కడా రాయలేదు. వాళ్ళకు ఆ ఆలోచన వచ్చి ఉండదు.

ఉతికేద్దామంటే, ఆ దిండు ఆరడానికి పొద్దంతా పట్టిందని చిలుకమ్మే చెప్పింది. చలికాలం. ఇప్పుడు తడిపితే తెల్లారి తడి దిండు మీద కూర్చోవాలి. అదీ గాక, నాలుగుసార్లు పెట్టిన గంజిని ఆమె కళ్ళ ముందు కడిగెయ్యడం అంటే, ఆ మాట ఆయన లోపల్లోపల కూడా పూర్తిగా అనుకోలేదు. చిలుకమ్మ నిలబడి చూస్తోంది. ఎడమ చెయ్యి కడుపు మీదుంది.

"మంచిగున్నది" అన్నాడు. "పట్టీలు గూడ నిలబడ్డయి."

ఆదివారం తెల్లవారుతూనే తొడుక్కున్నాడు. తొడుక్కోవడం కాదు, అందులోకి దిగాడు. నడుస్తుంటే అట్టలు రాసుకున్న చప్పుడు. కుమారస్వామి ఏదో అనబోయి, చిలుకమ్మ ముఖం చూసి, "నిమ్మలంగ పోయిరా అన్నా" అని మాత్రం అన్నాడు. చిలుకమ్మా నవతా బెల్లం తీసుకుని బస్సులో రావాలి.

హన్మకొండ దాటేదాకా అది ఆయన్ను గీరింది. పలకల మీద కూర్చున్నట్టుంది. ఎండ ఎక్కేకొద్దీ చెమట పట్టింది. చెమటకు గంజి కరగడం మొదలైంది. పలక దిండైంది. గట్టమ్మ దగ్గర దిగి కొబ్బరికాయ కొట్టాడు. సీటు వైపు చూశాడు. పోయినసారి ఇక్కడే. మెల్లగా కాలు వేసి ఎక్కాడు. కూర్చున్నాడు. నొప్పి లేదు. తడిగా, జిగటగా, గోరువెచ్చగా ఉంది గానీ నొప్పి లేదు.

ములుగు దాటి అడవిలోకి వచ్చాక ఈగలు కలిశాయి. మొదట నాలుగైదు. పస్రా దగ్గరికొచ్చేసరికి ఆయన వెనక ఒక గుంపే ఉంది. తెల్లటి చారలు తొడల మీది నుంచి పిక్కల దాకా కారి ఎండాయి. టీ తాగడానికి ఆగితే ఒక కుక్క వచ్చి ఆయన మోకాలు నాకింది. ఆయన తరమలేదు. ఆకలితో ఉంది, గంజే కదా అనుకున్నాడు.

మేడారంలో ఎవరూ ఆయన్ను వింతగా చూడలేదు. అక్కడ అందరి చేతుల్లో బెల్లం, అందరి చుట్టూ ఈగలు. ఆయన సైకిలు దిగి, జంపన్న వాగులో చెడ్డీతోనే మునిగాడు. చిలుకమ్మ నాలుగుసార్లు పెట్టిన గంజిలో మిగిలిందంతా వాగులో కలిసిపోయింది.

చిలుకమ్మ బస్సు దిగి వచ్చేసరికి ఆయన గద్దెల ముందు సైకిలు పట్టుకుని తడిబట్టతో నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన్ను ముందు నుంచి చూసింది, వెనక్కి పోయి చూసింది.

"తోలు లేచిందా?"

"లేదు."

"జీపు ఎక్కలే గద? నామీద ఒట్టు?"

"నీమీద ఒట్టు. తొక్కిన."

"మరి గంజి ఏమాయె?"

"ఆడిదాక నిలబడ్డది" అన్నాడు సారంగపాణి. "తానం చేస్తె పోయింది."

ఆమె తల ఆడించింది. పని చేసిన గంజి అట్లాగే ఉంటుందన్నట్టు. బెల్లం తల్లికి అప్పజెప్పి, దండం పెట్టి, చాలాసేపు లేవలేదు.

సైకిలు మొక్కు అక్కడికి పోవడానికే కాబట్టి తిరుగు ప్రయాణానికి ముగ్గురూ బస్సే ఎక్కారు. సైకిలు బస్సు పైన. ములుగులో బస్సు ఆగితే నవత మిర్చి బజ్జీలు తెచ్చింది. చిలుకమ్మ ముందు వద్దంది. తర్వాత ఒకటి తుంచి చూసింది. తర్వాత పొట్లం తన ఒళ్ళో పెట్టుకుంది.

హన్మకొండ లైట్లు కనబడుతుంటే ఆమె కడుపు పట్టుకుంది. సారంగపాణి ఆమె ముఖం చూశాడు.

"ఏమైంది?"

"నొస్తాంది" అంది చిలుకమ్మ. కాసేపు ఆలోచించింది. "గా బజ్జీల నూనె మంచిది కాదు."

సారంగపాణి కిటికీ వైపు తిరిగాడు. చెడ్డీ దిండు మీద ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు.