మేనత్త కొంగు

ఎదురుగా ఏ మొహం కనపడినా కొంగుతో తుడవడం మా మేనత్తకు అలవాటు. నేను కడపలో డిగ్రీ చదువుతున్నా సరే, కమలాపురం దగ్గర వాళ్లూరికి పోతే నా మొహం తుడిచేది. తర్వాత మామ మెడ, ఆ వెంటనే జెర్సీ దూడ మూతి. కొంగు మాత్రం ఒకటే.

ఒక వేసవిలో దూడ కళ్ల చుట్టూ గుండ్రంగా వెంట్రుకలు రాలి, బూడిదరంగు పొక్కు కట్టింది. కొన్నాళ్లకు మామ మెడ మీద ఎర్రటి వలయం తేలింది.

"ఇంటికి పట్టిన శని ఇది. సంతకు తోలేస్తా," అన్నాడు మామ. దురదకు శనిగ్రహం దాకా పోవాలా అని నేనడగలేదు. ఆయన గోక్కునే పనిలో ఉన్నాడు.

అత్త పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన దూడనూ మామనూ చూసి, "రెండూ తామరే. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ముందెవరికి వచ్చిందమ్మా?" అన్నాడు.

"ఆయప్పకే సార్," అంది అత్త, రెప్పయినా వాల్చకుండా. "ఇది పసిది. దీనికేం తెలుసు?"

మామ నోరు తెరిచేలోగా డాక్టరు తీర్పు చెప్పేశాడు. ఇద్దరికీ మందు పూయాలి, తగ్గేదాకా ఎడంగా ఉంచాలి, ఒకే గుడ్డతో తుడవకూడదు.

దూడ కొట్టంలోనే ఉండిపోయింది. దాని పక్కనుండే మామ మంచం అరుగు మీదికి వచ్చింది.

మళ్లీ నేను పోయేసరికి దూడకు కొత్త వెంట్రుకలు మొలిచాయి.

"మామకు తగ్గిందా అత్తా?"

"ఆయప్పకేమప్పా, శానా బాగుండాడు," అంటూ నా మొహం దాకా తెచ్చిన కొంగును ఆపేసింది. దండెం మీది తువ్వాలు తీసి నన్ను తుడిచింది.

కొంగు దూడకు ఖాయమైపోయింది.