మా ఇంట్లో ఆయాసం ఎవరెవరికి

మా ఆయన ముప్ఫై ఏళ్ళు భూగర్భ గనిలో పనిచేశాడు. గనిని మా వైపు బాయి అంటారు. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు ఆయన్ని అన్‌ఫిట్ చేశారు. అట్లా పని వదిలిన కార్మికుడి ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. మాకు ఒక్కతే బిడ్డ. అల్లుడు గోదావరిఖనిలో ఆటో నడుపుతాడు. వాళ్ళకు చదువుకునే పిల్ల ఉంది. కాగితాలన్నీ మా బిడ్డ పేరున కదిలాయి. ఇక మిగిలింది ఆమెకు చేసే మెడికల్ పరీక్ష ఒక్కటే. అందులో నెగ్గితే ఉద్యోగం, లేకపోతే లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా దగ్గు ముదిరింది.

దగ్గు నాకు కొత్త కాదు. క్వార్టర్ మెట్లు ఎక్కేటప్పుడు సగంలో ఆగి గోడ పట్టుకునేదాన్ని. పక్కింటామె చూస్తే సున్నం రాలుతోందేమో చూస్తున్నట్టు గోడను గోటితో గీకేదాన్ని. దగ్గును రోగమని నేనెప్పుడూ అనుకోలేదు. మా దగ్గర ఆయాసం బాయి దిగిన మగవాళ్ళది. దాన్ని దమ్ము అంటారు. ఆడవాళ్ళకు వచ్చేది ఉత్త దగ్గు, మిరియాల కషాయంతో పోయేది.

గ్యాస్ రాకముందు మేమంతా బొగ్గు మీదే వండుకున్నాం. తెల్లవారకముందే ఇంటి ముందు బొగ్గు కుప్ప పోసి అంటించేవాళ్ళం. పచ్చి పొగ అంతా పోయి, బొగ్గు ఎర్రగా అయ్యాక పొయ్యిలోకి ఎత్తుకునేవాళ్ళం. వరుసలో ఇరవై ఇళ్ళుంటే ఇరవై కుప్పలు. ఎదురింటి తలుపు కనపడేది కాదు. కాళ్ళు ముడుచుకుని ఆ కుప్ప ముందే కూర్చుని ముచ్చట్లు పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ కుప్పలు లేవు కానీ నేల పైనుంచే పేల్చి తవ్వే ఓపెన్‌కాస్ట్ దగ్గరికొచ్చింది. మధ్యాహ్నం పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అది వినగానే తీగ మీది బట్టలన్నీ లోపలికి తెచ్చుకుంటాం. బట్టల మీద ఉన్న జాగ్రత్త మా ముక్కుల మీద ఎప్పుడూ లేదు.

దగ్గు రెండు నెలలైనా తగ్గకపోతే మా ఆయన నన్ను కరీంనగర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ తెలుగులో అచ్చువేసిన కాగితం ఇచ్చి నింపమన్నారు. యాభై దాటాక కాలనీలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. మా ఆయన చెయ్యి చాపినా ఇవ్వకుండా నేనే నింపాను. రక్తసంబంధీకుల్లో ఆయాసం, మానని దగ్గు ఎవరికైనా ఉన్నాయా అని ఒక్కొక్కరికి ఒక్కో గడి ఉంది. నాన్న గడిలో 'ఉంది, బాయి పని' అని రాశాను. అమ్మ గడి, అమ్మ తోబుట్టువుల గడి ఖాళీగా వదిలేశాను.

డాక్టరు చిన్న వయసాయన. ఆ కాగితం చూసి అడిగాడు.

"మీ అమ్మగారు ఎట్లా పోయారమ్మా?"

"దగ్గుతోని సార్."

"ఆయాసం ఉండేదా?"

"ఉండె సార్. పండుకోరాకపోయేది. గోడకు ఒరిగి కూసునే నిద్రపోయేది."

"మరి ఇక్కడ రాయలేదే?"

"ఆమె బాయికి పోలే గద సార్."

ఆయన నవ్వలేదు. పెన్ను కింద పెట్టి నా వైపు చూశాడు. తర్వాత ఒక గొట్టం నోట్లో పెట్టి గట్టిగా ఊదమన్నాడు. మూడుసార్లు ఊదాను. మిషన్ చూపించిన అంకె నా వయసుకు ఉండాల్సిన దాంట్లో సగానికి కాస్త పైన ఉంది. మా ఆయన గుండె మనిషి కదా అని ఆయనతో కూడా ఊదించారు. ఆయనది బాగానే ఉంది.

"సూసినవా," అన్నాడు మా ఆయన. "ముప్పై ఏండ్లు బాయిల ఉన్నోని దమ్ము సాఫ్. ఇంట్ల కూసున్నదానిది ఖరాబ్. బొగ్గు నేను తవ్విన, పొగ నువ్వు తాగినవ్."

"నువ్వు తెచ్చిందే గద తాగిన," అన్నాను.

డాక్టరు మా ఇద్దరికీ ఓపికగా చెప్పాడు. పొగ, దుమ్ము అందరికీ చెడ్డవే. కానీ కొందరి ఊపిరితిత్తులు పుట్టుకతోనే వాటికి తొందరగా లొంగుతాయి. ఆ గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినంత మాత్రాన రోగం రాసిపెట్టినట్టు కాదు. అలాంటివాళ్ళు పొగకు, దుమ్ముకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. "మీ అమ్మాయిని కూడా ఒకసారి ఊదమనండి," అన్నాడు చివరికి.

ఆ మాట ఇంటికొచ్చి చెబితే, కాగితాల పని కోసం మా దగ్గరికి వచ్చి ఉన్న బిడ్డ కూరగాయలు తరగడం ఆపింది.

"నేనెందుకు ఊదాలె? నాకు దగ్గు లేదు, దమ్ము లేదు."

"సార్ చెప్పిండు బిడ్డా."

"సార్‌కేంది, చెప్తడు. తక్కువున్నదని కాయితం మీద రాసిస్తే? రేపు మెడికల్‌ల అది బయటపడితే? ఉద్యోగం నువ్విస్తవా?"

"నేనేడ ఇస్త?"

"మరి సప్పుడు చెయ్యకు. ఆడ అడిగినా మా ఇంట్ల ఎవ్వలకు లేదని చెప్త. నువ్వు ఎవ్వలకు చెప్పకు."

ఆమె భయంలో అబద్ధం లేదు. అల్లుడి ఆటో మీద ఇల్లు ఎట్లా నడుస్తుందో నాకు తెలుసు. అయినా అమ్మ గోడకు ఒరిగి కూర్చోవడం కళ్ళ ముందుకొచ్చింది.

మర్నాడు పొద్దున కమాన్‌పూర్ దగ్గర మా తల్లిగారి ఊళ్ళో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు అక్క. ఎనభై దాటినా గట్టి మనిషి.

"పెద్దమ్మా, మనోళ్ళల్ల దమ్ము ఎవ్వలెవ్వలకు ఉండె?"

"దమ్మా? మనకెందుకుంటదే? మనది ఎవుసం చేసే ఇల్లు. దమ్ము మీ కాలనీలోళ్ళకు వస్తది."

"మరి అమ్మకు?"

"అది దగ్గు."

"తాతకు?"

"తాతది చుట్ట."

"పెద్దమామకు? ఆయన చుట్ట తాగలే గద."

"ఆయన రైసుమిల్లుల ఊక ఎత్తిండు. గాలి తగిలింది."

"చిన్నమామకు?"

"ఆనికి దిష్టి. కొత్త ఇల్లు కట్టిండు గద, అందరి కండ్లు పడ్డయి."

"నీకు?"

"నాకేమైతది? ఇయ్యాల గూడ చేనుకు నడిచి పోయొచ్చిన." మళ్ళీ తనే అంది, "తాత, మీ అమ్మ, ఇద్దరు మామలు. నలుగురైరి కదనే."

"నలుగురు పెద్దమ్మా."

"ఒక్కొక్కలు ఒక్కో యాడాది పోయిరి. ఒక్కకాడ పెట్టి ఎవ్వలు సూసిండ్రు?"

ఫోన్ పెట్టేశాక పాత క్యాలెండర్ కాగితం తిప్పి, వెనక తెల్లవైపు పెన్సిలుతో సున్నాలు గీశాను. పైన తాత, అవ్వ. కింద పెద్దమ్మ, అమ్మ, మామలు. అమ్మ పక్కన నాన్న. వాళ్ళ కింద నేను, నా పక్కన మా ఆయన. నా కింద నా బిడ్డ. ఆయాసం ఉన్నవాళ్ళ సున్నాలను నల్లగా నింపాను. నాది కూడా నింపాను. మా ఆయనది తెల్లగా ఉంచి లోపల 'సాఫ్' అని రాశాను. దాచాలనుకోలేదు, చూపించాలనీ అనుకోలేదు. బియ్యం డబ్బా మీద పెట్టి మర్చిపోయాను.

రెండు రోజులకు మా బిడ్డ బియ్యం తీయబోయి దాన్ని చూసింది.

"గీ నల్లయన్ని దమ్మున్నోళ్ళా?"

"అవును."

"నాది ఉత్తగ పెట్టినవేంది?"

"నీది తెల్వది గద బిడ్డా. తెల్వంది ఎట్ల రాస్త?"

ఆమె డబ్బా మూత పెట్టి వెళ్ళిపోయింది. తెల్లారి చీర మార్చుకుని వచ్చి, "కరీంనగర్ బస్సు ఎన్ని గంటలకు?" అంది.

ఊదింది. మూడుసార్లూ కళ్ళు మూసుకుని ఊదింది. డాక్టరు అంకె చూసి, ఉండాల్సిన దానికంటే కొంచెం తక్కువే కానీ ఇది రోగం కాదన్నాడు. పని చేసుకోవచ్చని, దుమ్ము తక్కువుండే చోట అయితే మేలని, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలని ఉత్తరం రాసిచ్చాడు. దాన్ని ఆమె బ్యాగులో అడుగున పెట్టుకుంది. ఇస్తుందా ఇవ్వదా అని నేను అడగలేదు.

మెడికల్ రోజు నేను కంపెనీ ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆమె వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నా పక్కన కూలబడింది.

"ఇచ్చిన," అంది.

"ఏమన్నరు?"

"ఏమనలే. ఫైల్‌ల పెట్టుకున్నరు." సీసా ఎత్తి నీళ్ళు తాగింది. "ఉద్యోగం పోతే నీ మీదనే పడ్త."

"పడు. ఎక్కడికి పోత?"

తర్వాత నెల రోజులు ఏ కబురూ రాలేదు. మా ఆయన మాత్రం రోజూ ఆఫీసు దాకా నడిచి వెళ్ళి, ఏమీ తెలియక తిరిగి వచ్చి, గుండెకు నడక మంచిదనేవాడు. చివరికి ఫిట్ అని వచ్చింది. లాంప్ రూంలో వేశారు. బాయి దిగేవాళ్ళ తల లైట్లు ఛార్జింగ్ పెట్టి, షిఫ్టుకు వచ్చినవాళ్ళకు ఇచ్చే గది అది. ఆ ఉత్తరం చూసి వేశారో, అక్కడ ఖాళీ ఉండి వేశారో మాకు తెలియదు. అక్కడా దుమ్ముంది, కాకపోతే తక్కువ.

ఆమె ముక్కుకు మాస్కు కట్టుకుని పని చేస్తుంది. మొదట్లో అందరూ నవ్వారట.

"ఏందక్కా, కరోనా మళ్ళొచ్చిందా?"

"నీ అసొంటోళ్ళ మాటలు ముక్కుల పోకుంట కట్టుకున్న అన్నా. లైటు పట్టుకొని నడువు, జల్ది."

ఈ ఏడాది మళ్ళీ కరీంనగర్ పోయాం. నా అంకె కొంచెం కిందికి జారింది. బిడ్డది నిరుడు ఎంత ఉందో అంతే ఉంది. ఇంటికొచ్చి క్యాలెండర్ కాగితం తీశాను. ఆమె సున్నాను నల్లగా నింపలేదు, తెల్లగా వదిలేయలేదు. లోపల నిరుడు రాసిన అంకె ఉంది. దాని కింద ఈ ఏటి అంకె పెన్నుతో రాశాను. మా ఆయన తొంగి చూశాడు.

"గివి పాస్ మార్కులేనా?"

"పాసే," అన్నాను.

మధ్యాహ్నం సైరన్ మోగింది. తీగ మీది బట్టలు లోపలికి తెచ్చి, కిటికీలు కూడా మూశాను.