నీళ్లలో దిగని రంగు

మా సారు పోయారన్న కబురు హిందూపురం బస్సు కండక్టరు తెచ్చాడు. పెనుకొండలో మా అద్దకం షెడ్డు ముందు బస్సు ఆపించి, టిక్కెట్లు కొట్టడం మానేసి మరీ చెప్పాడు. బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు. ప్రభుత్వ లాంఛనాలు కూడా ఇంతకన్నా ఘనంగా ఉండవని నా అభిప్రాయం.

ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఆయన క్లాసులో వెనక బెంచీని కాపాడినవాణ్ణి. డెబ్భైల చివర్లో, పట్టుకు వేసిన రంగు నీళ్లలో దిగకుండా పట్టి ఉంచే మందొకటి ల్యాబులో కనిపెట్టారు. పెద్దలు మెచ్చుకున్నారు. మందు సీసా బీరువాలోకి పోయింది. సారుకు అక్కడే మంట.

"సీసాలో ఉంటే ఎవురికి లాభం రా? చీరెకెక్కల్ల గదా!"

అద్దకం కొట్టు పెడితే చదువుల పరువు పోతుందని కొందరు ఆచార్యులు కలవరపడ్డారు. చివరికి సారు లాభంలో యూనివర్సిటీకి వాటా ఇచ్చేట్టు ఒప్పుకుని, ఒక్క పెళ్లిళ్ల సీజను గడువు తెచ్చుకున్నారు. ఆలోగా చీరెలు అమ్ముడుపోకపోతే షెడ్డు మూత, సీసా మళ్లీ బీరువాకు. ఉద్యోగం లేని నన్ను పిలిచి మేనేజరును చేశారు. బకెట్లు మోసే మేనేజరును.

హిందూపురం పట్టు, పెనుకొండ రంగు, ధర్మవరం మగ్గం. చీరెలు దివ్యంగా వచ్చాయి. ఎవరూ కొనలేదు. ధర్మవరం అంగట్లో తొట్టి నిండా నీళ్లు పెట్టి, కొంగు ముంచి చూపించాం. నీళ్లు తేటగానే ఉన్నాయి. మనవరాలి పెళ్లికని మడకశిర నుంచి వచ్చిన ఒక అవ్వ మూతి తిప్పింది.

"ఏమప్పా, రవ్వంత రంగన్నా దిగలేదే! పట్టయితే మొదటి ఉతుకుకు దిగల్ల. నైలాను అంటగడతాండావా?"

సారు అణువుల సంగతి ఎత్తుకున్నారు. అవ్వ చెప్పులేసుకుంది.

"ఉండవ్వా!" అని సారు కొంగు కుచ్చులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చారు. "వాసన చూడు. పట్టు కాల్తే వెంట్రుక కాలిన వాసనే వస్తాది. నైలానుకు అట్ల రాదు."

"రెండూ ఒకటేనని నేనెట్ల నమ్మేది?"

సారు టోపీ ఎత్తారు. అక్కడ మిగిలిన ఆస్తి బహు స్వల్పం. అందులోంచి ఒకటి పీకి, కాల్చి, అవ్వ ముక్కు దగ్గర పెట్టారు. అవ్వ రెండూ మార్చి మార్చి చూసింది.

"ఒకటే. ఇంగ చాలించప్పా! ఉండేవన్నీ పీక్కుంటే మీ ఇంట్లో ఆయమ్మ నన్ను తిడతాది," అని చీరె తీసుకుంది.

తర్వాత మడకశిర వైపు జనం "వెంట్రుక సారు అంగడి యాడ?" అని అడుగుతూ వచ్చారు. ఒక్కో బేరానికి సారు వెంట్రుక ఒక్కోటి పోతుంటే చూడలేక, నా జుట్టు వాడుకోమని మనవి చేసుకున్నాను.

"మందు నాది రా. నమ్మించే పని గూడా నాదే," అన్నారు.

సీజను ముగిసేసరికి షెడ్డు నిలబడింది. ఈ రోజు నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ టోపీ కింది దానం వల్లనే.

ఆయనకు మట్టి ఇచ్చి వచ్చాక, మొన్న ధర్మవరంలో ఒకామె తేట నీళ్లను చూసి, అనుమానంగా నన్ను చూసింది. పోగు కాల్చాను. ఆమె ఇంకా నమ్మలేదు. నా చెయ్యి దానంతట అదే తల మీదికి పోయి, లేని టోపీని ఎత్తబోయింది.